శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో రాకెట్ చూడాలంటే ఈ గ్యాలరీకే వెళ్ళండి

మాది నెల్లూరు. రాకెట్ వదులుతున్నారంటే చిన్నప్పట్నుంచీ మేడెక్కి దక్షిణం వైపు చూసేవాళ్ళం. దూరంగా ఓ నిప్పుచుక్క, వెనకే తెల్లటి గీత, అంతే. 2025 నవంబర్ 2న, ఆదివారం, మొదటిసారి నాన్ననూ పాపనూ తీసుకుని శ్రీహరికోట లాంచ్ వ్యూ గ్యాలరీలో కూర్చున్నాను. 2019లోనే తెరిచారు, ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదా అని బాధేసింది.

టికెట్ లేదు. ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డు పట్టుకెళ్తే చాలు. సీట్లు తొందరగా నిండిపోతాయి, తేదీ ప్రకటించగానే చేసేసుకోండి. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్ళే రోడ్డు కోసమైనా పగటిపూటే బయల్దేరండి.

సాయంత్రం 5:26. ఎల్‌వీఎం3 కింద మంట కనిపించింది, రాకెట్ లేచింది, కానీ చప్పుడు లేదు. "అమ్మా, సౌండేదీ?" అని పాప అడుగుతుండగానే మోత వచ్చి మీద పడింది. చెవుల్లో కాదు, గుండెల్లో దడదడ. ఒక్కోదాంట్లో రెండొందల టన్నుల ఇంధనం ఉండే రెండు బూస్టర్లు మండుతున్నాయని చదవడం వేరు, అది ఒంటికి తెలియడం వేరు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోపు అది మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. "పర్లేదమ్మా, విన్నాగా" అన్నారు, గొంతు పూడుకుపోయి.

చాలామంది అప్పుడే లేచి వెళ్ళిపోతారు, అలా చేయకండి. పావుగంట పైన ఆగితే సీఎంఎస్-03 విడిపోయిందన్న కబురు అక్కడే వింటారు. 4,410 కిలోల ఉపగ్రహం అది, ఇంతకుముందు ఇంత బరువైన సమాచార ఉపగ్రహాల్ని ఎక్కువగా ఫ్రెంచ్ గయానా నుంచి పంపించుకునేవాళ్ళం.

గగన్‌యాన్‌లో మనవాళ్ళు ఎక్కబోయేదీ ఈ ఎల్‌వీఎం3నే, మనుషులకు తగ్గట్టు మార్చి. ముందు మనుషుల్లేకుండా, వ్యోమమిత్ర రోబోతో పరీక్ష. 2035కల్లా సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద మనిషి అంటున్నారు. వాటికి కావలసిన పెద్ద రాకెట్ల కోసం ఇక్కడే మూడో లాంచ్ ప్యాడ్‌కు 2025 జనవరిలో దాదాపు 3,985 కోట్లు మంజూరయ్యాయి. పాప వయసు పిల్లలు ఇవన్నీ ఈ మెట్ల మీద కూర్చునే చూడొచ్చు.

ఐదుకి ఐదు. తిరుగు ప్రయాణానికి మాత్రం బండి ముందే మాట్లాడుకోండి, మేం మాట్లాడుకోక ఆటో కోసం చీకట్లో గంటసేపు నిలబడ్డాం.