పూరీనా, బూరెనా? నేల ఉబ్బితే దేన్ని నమ్మాలి

ఇటలీలో నేపుల్స్ పక్కనున్న పొజ్జువోలి ఊరు 1982–84లో దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. రేవులో నీటి లోతు తగ్గి పడవలు ఆనే గట్టు ఎత్తులో ఉండిపోయింది. సుమారు 40 వేలమందిని ఖాళీ చేయించారు. ఊరి కిందున్న కాంపి ఫ్లెగ్రెయి అగ్నిపర్వతం మాత్రం పేలలేదు. 2005 నుంచి ఆ నేల మళ్లీ లేస్తోంది.

లోపల చేరింది మాగ్మానా (కరిగిన రాయి), వేడి నీళ్లూ ఆవిరీనా? ఆవిరైతే భయం లేదని కాదు, లెక్క వేరు.

జీపీఎస్, రాడార్ ఉపగ్రహాలు నేల ఎంత లేచిందో చక్కగా చెప్తాయి. జీపీఎస్ అయితే రాత్రీపగలూ కాపలా కాస్తుంది, మనిషి కొండెక్కక్కర్లేదు. కానీ వాటికి తెలిసేది ఉబ్బు ఒక్కటే. పూరీ ఉబ్బుతుంది, బూరె ఉబ్బుతుంది. లోపల ఆవిరుందో పూర్ణముందో తెలియాలంటే చేత్తో తూచి చూడాలి. ఆ తూకమే గురుత్వం కొలత.

భూమ్మీద గురుత్వం సుమారు 98 కోట్ల మైక్రోగాల్‌లు. (గురుత్వాన్ని కొలిచే ఈ 'గాల్' గెలీలియో పేరులోదే, మైక్రోగాల్ అందులో పదిలక్షో వంతు.) నేల ఒక సెంటీమీటరు లేస్తే, భూమి కేంద్రానికి దూరమై అందులో మూడు తగ్గుతాయి. మోటు లెక్కన, మీటరు లేస్తే 308 తగ్గాలి. తగ్గింది 250యే అనుకోండి, కింద బరువైనదేదో వచ్చి చేరిందన్నమాట.

చెప్పినంత తేలిక కాదు. స్ప్రింగు గ్రావిమీటరును (గురుత్వం కొలిచే యంత్రాన్ని) గుర్తు రాయి మీద పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా మరలు తిప్పి, రీడింగు తీసుకోబోతుంటే రోడ్డు మీద లారీ వెళ్తుంది. మళ్లీ మొదలు. స్ప్రింగు తనంతట తాను సాగుతుంది కాబట్టి, బయలుదేరిన చోటికే తిరిగొచ్చి సరిచూసుకోవాలి. చంద్రుడూ సూర్యుడూ లాగేదాన్ని లెక్కగట్టి తీసేయొచ్చు. అసలు తలనొప్పి వాన. మీటరు మందం నీటి పొర ఒక్కటే 42 మైక్రోగాల్‌లు లాగుతుంది. భూగర్భజలం పెరిగితే మాగ్మా వచ్చిందని పొరబడొచ్చు. ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం మీద అతివాహక (సూపర్‌కండక్టింగ్) గ్రావిమీటర్లు పెట్టారు, 2020లో లేజర్లతో చల్లబరిచిన రుబీడియం పరమాణువులను జారవిడిచి కొలిచే క్వాంటం యంత్రమూ పెట్టారు. ఇవి ఆగకుండా కొలుస్తాయి, కానీ పేద దేశపు కొండ మీదికి మోసుకెళ్లే సరుకు కాదు.

డబ్బు ఒక్కదానికే ఉంటే నేనైతే జీపీఎస్సే కొంటాను. ఎత్తు తెలియకుండా గురుత్వం అంకె ఎందుకూ కొరగాదు. రెండో విడత డబ్బు మాత్రం గ్రావిమీటరుకే, అదీ కొండ నిద్రలో ఉన్నప్పుడే. కాలిఫోర్నియాలోని లాంగ్ వ్యాలీ అగ్నిపర్వతంలో లేస్తున్న నేల కింద చేరింది నీళ్లు కాదు, మాగ్మా అని 1998 కొలతలు చెప్పగలిగాయంటే, పక్కన పెట్టి పోల్చడానికి 1982 నాటి అంకెలు ఉండబట్టే.