ప్లాస్మిడ్‌ను (చిన్న వలయాకార డీఎన్ఏ) ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించడానికి ఏది మేలు: హీట్ షాకా (కాసేపు వేడి తగిలించడం), ఎలక్ట్రోపొరేషనా (కరెంటు పల్స్ ఇవ్వడం)?

ఈ ప్రశ్నకి చాలామంది ముందుగా కాలనీల (డీఎన్ఏ ఎక్కిన కణాల నుంచి ప్లేటు మీద పెరిగే గుంపులు) లెక్క చెబుతారు. కాల్షియం క్లోరైడ్‌తో ల్యాబ్‌లోనే తయారుచేసుకున్న కణాలు మైక్రోగ్రాము డీఎన్ఏకి 10 లక్షల నుంచి కోటి దాకా కాలనీలు ఇస్తాయి. ఎలక్ట్రోపొరేషన్‌లో 100 కోట్లు, అంతకు పైన కూడా వస్తాయి. లెక్క నిజమే, కానీ మామూలు క్లోనింగ్‌కి పది సరైన కాలనీలు చాలు. అసలు చూడాల్సింది మీ డీఎన్ఏ ట్యూబులో ఏముందని.

లైగేషన్ మిశ్రమమైతే (డీఎన్ఏ ముక్కలను అతికించిన ద్రవం) హీట్ షాకే. అందులోని ఉప్పుని అది బాగానే ఓర్చుకుంటుంది. ఐసు మీద కరిగిన 50 మైక్రోలీటర్ల కణాల్లో 1 నుంచి 5 మైక్రోలీటర్ల డీఎన్ఏ వేసి, ట్యూబుని వేలితో మెల్లగా తట్టి, 30 నిమిషాలు ఐసులోనే ఉంచండి. వోర్టెక్స్ మెషీను మీద గిరగిరా కలపొద్దు, ఈ దశలో కణాలు చాలా సున్నితం. 42 డిగ్రీల వాటర్‌బాత్‌లో 45 సెకన్లు, వెంటనే ఐసులో 2 నిమిషాలు. ఆపైన 950 మైక్రోలీటర్ల ఎస్ఓసీ (పోషక ద్రవం) పోసి 37 డిగ్రీల్లో గంటసేపు షేకర్‌లో పెట్టాలి. ఆంపిసిలిన్ యాంటీబయాటిక్ ఉన్న ప్లేట్లయితే ఈ గంట కాస్త తగ్గినా నడుస్తుంది. కానమైసిన్‌కి మాత్రం తగ్గించకండి. అది ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది కాబట్టి, నిరోధక ప్రోటీన్ ముందే తయారై ఉండాలి.

ఇక్కడ ఎక్కువగా మోసం చేసేది వాటర్‌బాత్ డిస్‌ప్లే. థర్మామీటర్ ముంచి చూసుకోండి. ట్యూబు రకం మారిస్తే సెకన్లు కూడా మళ్లీ సరిచూసుకోవాలి, ఎందుకంటే గోడ మందాన్ని బట్టి లోపలికి వేడి చేరే వేగం మారుతుంది.

ఎలక్ట్రోపొరేషన్‌కి ఉప్పే శత్రువు. కణాలను చల్లటి 10 శాతం గ్లిసరాల్‌తో రెండు మూడుసార్లు కడగాలి. 1 మిల్లీమీటరు క్యువెట్‌కి (పల్స్ ఇచ్చేందుకు కణాలు పోసే చిన్న పాత్ర) 1.8 కిలోవోల్టులు, 25 మైక్రోఫారడ్లు, 200 ఓమ్‌లు పెడితే టైమ్ కాన్‌స్టెంట్ (పల్స్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే సమయం) 5 మిల్లీసెకన్ల దగ్గర చూపాలి. 4 కంటే తగ్గిందంటే ఉప్పు మిగిలిందేమో అనుమానించండి. ఉప్పు మరీ ఎక్కువైతే ఠప్పుమని మెరుపు కొడుతుంది, ఆ శాంపిల్ ఇక పనికిరాదు. బుడగ ఉన్నా, క్యువెట్ బయట తడి ఉన్నా ఇదే జరుగుతుంది. లైగేషన్ మిశ్రమాన్నే వాడక తప్పకపోతే, 0.025 మైక్రాన్ల పొరను నీటి మీద తేలేసి, దానిమీద చుక్కగా వేసి అరగంట ఉంచి ఉప్పు తీయండి. పల్స్ ఇచ్చిన మరుక్షణం ఎస్ఓసీ పోయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే కాలనీలు మూడో వంతుకి పడిపోవచ్చు.

ఇంత శ్రమకి తగిన ఫలితం దక్కే పనులు కొన్నే: లైబ్రరీ (వేర్వేరు డీఎన్ఏ ముక్కలున్న క్లోన్ల పెద్ద సేకరణ) కట్టడం, లక్ష బేస్‌పెయిర్లు దాటిన బ్యాక్ (బ్యాక్టీరియల్ ఆర్టిఫిషియల్ క్రోమోజోమ్) క్లోన్లు ఎక్కించడం, పికోగ్రాముల్లో మాత్రమే డీఎన్ఏ మిగలడం. మిగతా రోజువారీ పనికి హీట్ షాక్ చాలు. మెషీను అక్కర్లేదు, క్యువెట్ల ఖర్చూ ఉండదు.

లైగేషన్ ప్లేటు ఖాళీగా వచ్చిందని పద్ధతి మార్చేయకండి. అదే బ్యాచ్ కణాల్లో 100 పికోగ్రాముల పీయూసీ19 (పరీక్షకి వాడే ప్లాస్మిడ్) వేసి హీట్ షాక్ చేయండి. వెయ్యి మైక్రోలీటర్లలో 100 ప్లేటు మీద పరిస్తే, మైక్రోగ్రాముకి 10 లక్షల కాలనీల సామర్థ్యానికి పది కాలనీలు రావాలి. అవి వస్తే కణాలు బాగానే ఉన్నట్టు, వెతకాల్సింది లైగేషన్‌లోనే.