శ్రీకాకుళంలో ఒక కీమోథెరపీ డేకేర్: కూతురిగా, స్టాఫ్ నర్సుగా నా సమీక్ష

మా అమ్మకు విశాఖపట్నంలో రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిన తరువాత, కీమోథెరపీని శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి డేకేర్ విభాగంలో, అంటే మందు ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే చోట, చేయించాము. మూడు వారాలకు ఒకటి చొప్పున నాలుగు, ఆపైన వారానికి ఒకటి చొప్పున పన్నెండు, మొత్తం 16 సార్లు ఆమె వెంట వెళ్లి, మందు ఎక్కినంతసేపూ పక్కనే కూర్చున్నాను. నేను జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, నరసన్నపేటలోని ఒక నర్సింగ్ హోమ్ జనరల్ వార్డులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. అందువల్ల ఈ సమీక్ష రోగుల కుటుంబాల కోసమే కాక, క్యాన్సర్ నర్సింగ్ వైపు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి నర్సుల కోసం కూడా రాస్తున్నాను.

గది గురించి చెప్పవలసింది తక్కువ. ఎనిమిది వాలు కుర్చీలు, రెండు మంచాలు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నాయి. తోడు వచ్చినవారు కూర్చోవడానికి మాత్రం చోటు చాలదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరిగింది కనుక ఖర్చు విషయంలో మాకు ఇబ్బంది కలగలేదు. ఈ విభాగాన్ని నేను మెచ్చుకోవడానికి కారణం అక్కడి సిస్టర్ల పనితనం.

మొదటి నాలుగు విడతల్లో అమ్మకు ఇచ్చిన మందుల్లో డాక్సోరుబిసిన్ ఒకటి. రోగులందరూ దానిని ఎర్ర మందు అంటారు. నరం దాటి బయటకు కారితే చర్మాన్ని, కండను పుండు చేసే మందు అది. ప్రతిసారీ ఎత్తు, బరువు కొత్తగా చూసి, దానిని బట్టి మోతాదు సరిచూసుకున్నారు. ఇద్దరు సిస్టర్లు రోగి పేరు, మందు పేరు, మోతాదు పైకి చదివి, ఇద్దరూ సంతకం చేసిన తరువాతే సిరంజి చేతిలోకి తీసుకున్నారు. శస్త్రచికిత్స జరిగిన వైపు చేతిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మందు ఎక్కిస్తున్నంతసేపూ సిస్టర్ కుర్చీ పక్కనే ఉండి, మధ్యమధ్యలో రక్తం వెనక్కి వస్తున్నదో లేదో చూస్తూనే ఉంది. మూడవ విడతలో అమ్మ చెయ్యి మండుతున్నదని అనగానే ఆమె మందు ఆపివేసింది. వాపు లేకపోయినా డాక్టరును పిలిచి చూపించి, వేరే నరం దొరికిన తరువాతే మిగిలిన మందు ఇచ్చింది.

ఆ రోజు నాకు నా వార్డు గుర్తుకు వచ్చింది. మేము చెయ్యి వాచితే ముందు క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) తీసివేస్తాము. ఇక్కడ అలా చేయకూడదని, మందు కారిందని అనుమానం ఉంటే క్యాన్యులాను అలాగే ఉంచి, లోపల మిగిలిన మందును సిరంజితో వెనక్కి లాగిన తరువాతే తీయాలని, డాక్సోరుబిసిన్‌కు చల్లని కాపడం పెడితే విన్‌క్రిస్టిన్‌కు వేడి కాపడం పెట్టాలని ఆమె నాకు ఓపికగా వివరించింది. నాలుగేళ్ల అనుభవం ఉందనుకున్న నాకు, ఈ పని వేరే చదువు అడుగుతుందని అప్పుడు అర్థమైంది.

వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్ దశలో మరొక మంచి విషయం గమనించాను. ఆ మందుకు చేతివేళ్లు, కాలివేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ సంగతి తెలుసుకోవడానికి సిస్టర్లు ప్రతి వారం ఆడవాళ్లను జాకెట్టు హుక్కులు సొంతంగా పెట్టుకోగలుగుతున్నారా, రాత్రి నడిచేటప్పుడు చెప్పు జారిపోవడం తెలుస్తున్నదా అని అడిగేవారు. తిమ్మిరిగా ఉందా అని అడిగితే లేదని తల ఊపే మా అమ్మ, హుక్కుల సంగతి అడిగేసరికి నిజం చెప్పింది. ఆ వారమే డాక్టరు మోతాదు తగ్గించారు.

పక్క కుర్చీలో కవిటి వైపు నుండి వచ్చిన ఒక మామ్మకు అంగిలి క్యాన్సర్. చుట్ట నిప్పు కొసను నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మన జిల్లా పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఎంత పాతదో మనకు తెలిసినదే. ఈ అలవాటు వల్ల అంగిలిలో వచ్చే మార్పులపై మన ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. ఆ మామ్మకు సిస్‌ప్లాటిన్ ఇవ్వవలసి ఉంది. అది మూత్రపిండాలకు భారమయ్యే మందు, ఆమెది మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చారని తెలిసి కూడా, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎక్కువగా ఉండడం చూసిన సిస్టర్ మందు మొదలుపెట్టక డాక్టరుకు చెప్పింది. కొడుకు విసుక్కుంటే పక్కకు తీసుకువెళ్లి కారణం వివరించింది. ఆ పూటను వృథా చేయకుండా, గోరువెచ్చని నీటిలో ఉప్పు, వంట సోడా కలిపి నోరు ఎలా పుక్కిలించాలో మామ్మచేత చేయించి చూపించింది.

ఇక లోపాలు. రెండవ విడత జరిగిన పదవ రోజు రాత్రి అమ్మకు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయే రోజులవి. 100.4 దాటితే వెంటనే ఫోను చేయమని చీటీలో రాసి ఇచ్చినవారు, ఆ రాత్రి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. దగ్గరలోని వేరే ఆసుపత్రికి తీసుకువెళితే, అక్కడ పారాసెటమాల్ ఇచ్చి తెల్లవారేదాకా చూద్దామన్నారు. నేను నర్సును కాబట్టి, కీమో రోగికి జ్వరం అత్యవసరమని పట్టుబట్టి రక్తపరీక్ష, యాంటీబయాటిక్ మొదలుపెట్టించగలిగాను. ఆ తెలివిడి లేని కుటుంబం ఏమి చేస్తుంది? డేకేర్ హెడ్ సిస్టర్ నా ఫిర్యాదు శ్రద్ధగా విని, తరువాతి వారం నుండి డ్యూటీ సిస్టర్ నంబరు ఇవ్వడం మొదలుపెట్టారు. అయినా రాత్రి 10 తరువాత ఆ నంబరు పనిచేయడం లేదు. అసలు జ్వరాలు తిరగబెట్టేది రాత్రిపూటనే.

రెండవ లోపం సిస్టర్లకు సంబంధించినది. మందులు కలిపేవారికి తగలకుండా రక్షణ క్యాబినెట్‌లోనే కలుపుతారు, మిగిలిన సీసాలు, గొట్టాలు ప్రమాదకరమైన వ్యర్థాలు వేసే పసుపు సంచిలోకే వెళతాయి. కానీ గౌన్లు చాలని రోజుల్లో మామూలు ఏప్రన్‌తో పనిచేయడం నేను చూశాను. ఈ ఉద్యోగంలో చేరేవారు జీతం కంటే ముందు గౌన్లు, రెండేసి జతల గ్లవ్స్ రోజూ ఇస్తారా, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ మందుల పని తప్పిస్తారా అని అడగాలి.

ఐదుగురు సిస్టర్లలో హెడ్ సిస్టర్ ఒక్కరే ఆంకాలజీ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చేశారు. మిగిలినవారు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది అనుభవం ఉన్నవారికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆ డిప్లొమాకు అవకాశం ఇస్తుంది కాబట్టి, జీఎన్ఎం చదివినవారు తమకు దారి లేదని అనుకోనక్కరలేదు. పని మాత్రం బరువైనది. చికిత్స ఆపివేసిన రోగులు కూడా నొప్పి మందు కోసం అక్కడికే వస్తారు. సున్నా నుండి పది వరకు నొప్పికి అంకె చెప్పమంటే తడబడే ముసలివాళ్లను హెడ్ సిస్టర్ “రూపాయికి ఎన్ని అణాల నొప్పి, తాతా?” అని అడుగుతారు. పన్నెండు అణాలని ఒక తాత చెప్పిన రోజు, నాలుగు గంటలకొకసారి వేసుకోవలసిన మార్ఫిన్ మాత్రతో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు ఎందుకు మానకూడదో ఆయన కోడలికి మూడుసార్లు చెప్పించుకుని గాని పంపలేదు.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన ఒక మార్కు రాత్రి ఫోనుది. వెళ్లేవారు రక్తపరీక్ష ముందు రోజే చేయించుకుని, ఉదయం 8 లోపల చేరుకుంటే, దూరపు ఊళ్లవారికి సాయంత్రం బస్సు అందుతుంది. నేను డిప్లొమా దరఖాస్తు కోసం నర్సింగ్ హోమ్‌లో అనుభవ ధ్రువపత్రం అడిగాను.