పీఆర్, ప్రాపగండా: మన ఊరికి ఏది మేలు?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఊరికైనా గనో, ఫ్యాక్టరీయో వస్తుందన్న వార్త పుట్టగానే జనాన్ని తమ వైపు తిప్పుకునే పని మొదలవుతుంది. ఒకవైపు కంపెనీ మనుషులు వచ్చి హెల్త్ క్యాంపు పెడతారు, బడికి బెంచీలిస్తారు, జిల్లా పేజీలో ఫొటో వేయిస్తారు. ఇంకోవైపు ఆటోకు మైకు కట్టి, డప్పు కొట్టి, నేల పోతుంది, నీళ్లు పాడవుతాయి అని చాటుతారు. మొదటిదానికి పీఆర్ అని, పౌర సంబంధాలని మర్యాదైన పేరుంది. రెండోదాన్ని ప్రాపగండా అని కొట్టిపారేస్తాం.

చదువుకున్న మన పిల్లలు కూడా ఇలాగే తీర్పు చెప్పేస్తుంటే నాకు బాధేస్తుంది. నేను రెండే చూస్తాను. మాట్లాడుతున్నది ఎవరి మనిషో మనకు తెలుస్తోందా? ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి నిలబడుతున్నాడా? ఈ రెండూ ఉంటే ఏ పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. రెండూ లేకపోతే ఎంత మర్యాదగా మాట్లాడినా నమ్మను.

పీఆర్ మొదట్లో ఈ రెండు మాటలే ఇచ్చింది. 1906లో అమెరికాలో బొగ్గు గనుల వివాదం నడుస్తున్నప్పుడు యజమానుల తరఫున ఐవీ లీ అనే మాజీ విలేకరి పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. మా పనంతా బహిరంగంగా చేస్తాం, ఎవరి తరఫున చెప్తున్నామో దాచం, వివరాలు అడిగితే ఇస్తాం అని దాని సారాంశం. ఆ వృత్తికి ఇంతకంటే మంచి నియమం నాకు కనపడలేదు. కానీ 1914లో కొలరాడోలోని లడ్లో దగ్గర సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగి ఆడవాళ్లు, పిల్లలు చనిపోయాక, అదే లీ ఆ గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున తప్పుడు లెక్కలున్న బులెటిన్లు పంచాడు.

ఆ తర్వాత వచ్చిన అమెరికా పీఆర్ నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ 1928లో రాసిన పుస్తకం పేరే 'ప్రాపగండా'. ఆయన దృష్టిలో ఈ రెండింటి మధ్య గోడే లేదు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతులు అందరి ముందూ సిగరెట్లు వెలిగించారు. ఆడవాళ్ల స్వేచ్ఛ కోసం చేసిన పని అని జనం అనుకున్నారు. దాన్ని ఏర్పాటు చేసింది బెర్నేస్, ఆయనకు డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. సిగరెట్ కంపెనీయే తన పేరుతో వచ్చి మా సరుకు కొనండి అంటే బేరం చేసే హక్కు మనకుంటుంది. స్వేచ్ఛ ముసుగులో వస్తే బేరం జరుగుతోందన్న సంగతే తెలియదు. పీఆర్‌లో నన్ను భయపెట్టేది ఇదే.

ప్రాపగండా ప్రమాదం వేరే చోట ఉంది. జర్మనీలో 1933లో హిట్లర్ అనుచరుడు గోబెల్స్ చేతికి ప్రచారం కోసం ఒక మంత్రిత్వ శాఖే ఇచ్చారు. పత్రిక, రేడియో, సినిమా అన్నీ ఒకే గొంతు పలికాయి. అబద్ధం ఎంత పెద్దదైనా, పక్కన నిజం చెప్పే నోరు ఇంకొకటి ఉంటే దాని బలం సగం పడిపోతుంది. ఆ రెండో నోరు మూయించారు కాబట్టే అంత ఘోరం సాగింది. మన దగ్గర నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చారు. దాని ఉద్దేశమూ రెండో గొంతు లేకుండా చేయడమే.

ఆ రోజుల్లోనే సుద్దాల హనుమంతు లాంటి ప్రజాకవులు గొల్లసుద్దులనే జానపద కళతో, దొరల మీద పోరాడుతున్న సంఘం మాట ఊరూరికీ చేర్చారు. అది ప్రాపగండానే. దొర తరఫు వాదన అందులో ఉండదు, పక్షపాతం నిండా ఉంటుంది. అయినా వింటున్న కూలీకి చెప్పేది సంఘం మనిషి అని తెలుసు, ఇష్టం లేకపోతే లేచిపోవచ్చు. జెండా కనపడేలా పట్టుకుని చేసే ప్రచారాన్ని, జెండా దాచుకుని చేసే పీఆర్ కంటే నేను మెరుగ్గానే చూస్తాను.

ఇక మన జిల్లా మరిచిపోకూడని ఉదాహరణ 1996 లోక్‌సభ ఎన్నిక. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎముకలు వంగిపోతుంటే ఢిల్లీకి వినపడలేదు. జలసాధన సమితి పిలుపుతో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది, నల్లగొండ నీళ్ల గోడు దేశమంతా వార్త అయింది. చూపు తిప్పుకోవడానికి వేసిన ఎత్తు అనే లెక్కలో ఇదీ బెర్నేస్ సిగరెట్ల ఊరేగింపు లాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి మనిషీ తన పేరు, తన ఊరు రాసి సంతకం పెట్టాడు. డిపాజిట్ డబ్బు కట్టాడు. 477 మంది డిపాజిట్ పోగొట్టుకున్నారు. దీనికి ఖరీదు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. పేదవాడు తన గోడు చెప్పుకోవడానికి పోటీలో నిలబడటం ఆ తర్వాత కష్టమైంది.

ఫ్లోరైడ్ కథలోనే సర్కారు పీఆర్ ఎలా పనిచేస్తుందో కూడా చూడొచ్చు. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు సున్నా అని 2020లో కేంద్రం ప్రకటించింది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక చాలా ఊళ్ల బతుకు మారిన మాట నిజం, ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆ సున్నా ఫ్లెక్సీ మీదికి ఎక్కాక చదివేవాడికి ఫ్లోరైడే మాయమైందని అర్థమవుతుంది. నల్లాలో వచ్చే నీళ్లు శుద్ధి అయ్యాయి. రాతి పొరల్లోని ఫ్లోరైడ్ అక్కడే ఉంది, నల్లా బంద్ అయిన రోజు బోరు నీళ్లు తాగితే మళ్లీ అదే విషం. ఇదివరకే వంగిన ఎముకలు తిరిగి సరికావు, ఆ మనుషులకు పింఛను, వైద్యం కావాలి. ప్రకటనలో అబద్ధం ఒక్క ముక్క కూడా ఉండకపోవచ్చు. చెప్పకుండా వదిలేసినదాని వల్లే జనానికి తప్పు అభిప్రాయం కలుగుతుంది. ఇలాంటిది పట్టుకోవడం పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం కంటే కష్టం.

పౌర సంబంధాలు బాగా చేస్తే ప్రాణాలు నిలబడతాయి అనడానికి గద్వాల సాక్ష్యం. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు చుట్టేశాయి. వాటిలో బాగా తిరిగిన ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. బిడ్డను తిరిగి అప్పగించి, జాగ్రత్తగా ఉండమని చెప్పే చివరి ముక్క కోసేసి పంపారు. మంచి కోసం చేసిన ప్రచారం ఒక్క కోతతో చావు కబురుగా మారింది. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అప్పుడు జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను అప్పగించారు. వాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, రచ్చబండ దగ్గర కూర్చుని ఆ వీడియోలు అబద్ధమని చెప్పారు. డప్పు, పాట, దండోరా కూడా వాడారు. ఆ పుకార్లకు అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

పనిముట్టు ప్రాపగండాదే: డప్పు, పాట, ఒకే మాట పదే పదే చెప్పడం. కానీ చెప్పిన మనిషి మళ్లీ వారం అదే ఊళ్లో కనిపిస్తాడు, అనుమానం వస్తే ఫోన్ చేయొచ్చు. అందుకే జనం నమ్మారు. కలెక్టరేట్ నుంచి ఒక ప్రెస్ నోట్ వదిలి ఊరుకుంటే ఈ పని అయ్యేది కాదని నా నమ్మకం.

సురవరం ప్రతాపరెడ్డి చూపిన దారి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు పాలమూరు బిడ్డ అయిన ఆయన తిట్టుకు తిట్టు అంటించలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. కావాలంటే ఎవరైనా తెరిచి లెక్కపెట్టుకోవచ్చు. అభిప్రాయం మార్చడానికి దీన్ని మించిన పద్ధతి నాకు తెలియదు. దీనికి సమయం, ఓపిక కావాలి. రేపు ఉదయం గుంపు బయలుదేరబోతుంటే ఇది పనికిరాదు, అప్పుడు గద్వాల దారే.

కాబట్టి నన్ను అడిగితే నా వరుస ఇది. ఆధారం చేతికిచ్చి, జవాబు చెప్పడానికి ఊళ్లోనే ఉండే పౌర సంబంధాలు అన్నిటికంటే మేలు. తర్వాత, జెండా దాచుకోని ప్రచారం. ఆ తర్వాతే హెల్త్ క్యాంపులు, బెంచీల పీఆర్, అదీ కంపెనీ తన పేరుతో చేస్తేనే. అన్నిటికంటే కింద పెయిడ్ న్యూస్. మనం చందా కట్టి కొనుక్కున్న పత్రికలో ప్రకటనను వార్తగా అమ్మడం నమ్మకద్రోహం. ఎన్నికలప్పుడు కరపత్రం మీద అచ్చేసినవారి పేరు, వేయించినవారి పేరు ఉండాలని చట్టమే చెప్తోంది. ఊరి గ్రూపులో వచ్చే ప్రతి పోస్టుకూ అదే నియమం మనమే పెట్టుకుంటే ఎవరు కాదంటారు?

నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామన్నప్పుడు 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అక్కడ అభ్యంతరాలు గట్టిగా వచ్చాయి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు గడిచినా గని మొదలవలేదు. 2019లో నల్లమల యురేనియం విషయంలో సినిమావాళ్ల ట్వీట్లు, విద్యార్థుల ర్యాలీలు కలిసి శాసనసభ తీర్మానం దాకా తెచ్చాయి. ట్వీట్ల బలం తక్కువేం కాదు. అయినా రికార్డులో నిలిచేది ప్రజాభిప్రాయ సేకరణ సభలో చెప్పిన మాట.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పత్రికలు చేరని చోట డప్పు కొట్టించి చాటింపు వేయాలని కూడా అందులో రాసి ఉంది. ప్రాజెక్టు సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. సభ వీడియో తీయాలి. చివర్లో వచ్చిన అభిప్రాయాలన్నీ మనకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. చాలామంది భోజనాల వేళకు లేచిపోతారు. ఆ చదివేదాకా కూర్చోండి, మీరు అడిగిన ప్రశ్న అందులో లేకపోతే అక్కడే లేచి రాయించండి.