గండికోట, బెలుం, యాగంటి: తమ్ముడు హాస్టల్‌కు వెళ్లేముందు

ఇంటర్ ముగించి ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌లో చేరబోతున్న తమ్ముడితో వెళ్లడానికి నేను గండికోటను ఎంచుకోవడానికి కారణం దాని అందం మాత్రమే కాదు, అక్కడ తిరగవలసినది తక్కువ, కూర్చోవలసినది ఎక్కువ కావడం. ఇద్దరమే వెళ్తున్నప్పుడు చూడవలసిన చోట్ల జాబితా పొడవైతే రోజంతా బండి దిగడం, ఎక్కడంతోనే సరిపోతుంది. టికెట్లు, ఆటో బేరాలు, గది బాడుగ అన్నీ వాడికే అప్పగించాను. జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లే అయినా ఆటో అతను చెప్పిన మొదటి ధరకే వాడు తల ఊపేశాడు, నేను కల్పించుకోలేదు. అనుభవం నేర్చుకోవడానికి ఆ మాత్రం ఫీజు ఎవరైనా కట్టవలసిందే.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కోట పరిసరాల్లో పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది, ప్రైవేటు వ్యక్తులు నడిపే గుడారాలూ ఉన్నాయి. తమ్ముడి సరదా కొద్దీ గుడారం తీసుకున్నాము. గుడారం శుభ్రంగానే ఉంది, పరుపులు కూడా బాగున్నాయి. కానీ భోజనం చాలా ఆలస్యంగా వచ్చింది, అందరికీ ఉమ్మడిగా ఉన్న స్నానాల గదిలో తెల్లవారేసరికి నీళ్లు అయిపోయాయి, పక్క గుంపు పెట్టిన స్పీకరు అర్ధరాత్రి దాటినా ఆగలేదు. నిర్వాహకుడికి రెండుసార్లు చెప్పినా నవ్వి ఊరుకున్నాడు. స్నేహితుల గుంపుకైతే గుడారం సరదాగానే ఉంటుంది గానీ, మాట్లాడుకోవడానికి వెళ్లే అక్కాతమ్ముళ్లకు నాలుగు గోడలు, ఒక తలుపు ఉన్న గదే మేలు. వారాంతంలో గదులు దొరకడం కష్టం కనుక ముందుగా బుక్ చేసుకోవాలి.

ఇక లోయ. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా నది పోయే ఆ చోట రెండు వైపులా నిలువునా నిలబడిన ఎర్రటి రాతి పొరలను ఫొటోల్లో ఎన్నిసార్లు చూసి వెళ్లినా, అంచుకు చేరాక కాసేపు మాట రాదు. అక్కడికి చేరాలంటే పెద్ద పెద్ద బండల మీదుగా ఎక్కి దిగాలి. చాలా చోట్ల కంచె గానీ కమ్మీ గానీ లేవు కనుక చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి, చిన్నపిల్లల చేయి వదలకూడదు. సాయంత్రం సెల్ఫీల వాళ్ల రద్దీలో నిలబడే చోటు కూడా వెతుక్కోవలసి వచ్చింది. పొద్దున్నే వెళ్తే గాలి చల్లగా ఉంటుంది, లోయ కూడా నిదానంగా వెలుగులోకి వస్తుంది. రెండింటిలో ఒక్కటే కుదిరితే ఉదయాన్నే ఎంచుకోవాలని నా సలహా.

చాలామంది లోయ చూసి వెనుదిరుగుతారు గానీ, కోట లోపల తీరికగా నడవడానికి కనీసం ఒక పూట కావాలి. విజయనగర శైలిలో ఎత్తైన గోపురంతో నిలిచిన మాధవరాయ స్వామి ఆలయం, జామా మసీదు, దానికి చేరువలోనే పెద్ద ధాన్యాగారం, వీటి మధ్య ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఊరు. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల చేతి నుంచి ఈ కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆయనను కలుసుకున్నది ఇక్కడే. ఇది చెప్పబోతే తమ్ముడు విని, ర్యాగింగ్ గురించి, మెస్ తిండి గురించి, గదిలో ఎలాంటివాళ్లు పడతారోననే దిగులు గురించి మొదలుపెట్టాడు. రాత్రి స్పీకరు హోరులో సాగని మాటలన్నీ ధాన్యాగారం నీడలో సాగాయి. ఇంత తీరిక దొరికే చోటు ఈ మార్గంలో మరొకటి లేదు.

బెలుం గుహలకు కారు మాట్లాడుకున్నాము. కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులను దాటుకుంటూ పోయే దారి అది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాయగా, 1982, 1983 సంవత్సరాల్లో జర్మన్ బృందం లోపలికి దిగి సర్వే చేసింది. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న పొడవులో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల మేరకే సందర్శకులను అనుమతిస్తారు. లోపల ఉక్క విపరీతం; గాలి పంపే ఏర్పాట్లు ఉన్నా చొక్కా తడిసి ముద్దవుతుంది, ఆయాసం ఉన్నవారు పాతాళగంగ వరకు దిగకపోవడమే మంచిది. రంగురంగుల దీపాలు నాకు నచ్చలేదు. నీరు వేల ఏళ్లపాటు సున్నపురాతిని తొలిచిన తీరు మామూలు వెలుతురులోనే చక్కగా కనిపిస్తుంది. గైడు గుంపును పరుగులు పెట్టించాడు. ఆ గుంపును ముందుకు పోనిచ్చి వెనుక నడిస్తే కోటిలింగాల గుహ దగ్గర నిశ్శబ్దం దక్కుతుంది.

శివాలయం ఉన్న యాగంటికి చేరేసరికి అలసిపోయాము. కొండ నుంచి వచ్చి పడే కోనేటి నీరు చల్లగా ఉంది, నందిని చూశాము. ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారన్న మాట విని, తన నాలుగేళ్ల చదువు పూర్తయ్యేదాకా ఆగమని తమ్ముడు వేడుకున్నాడు. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కింద ఉండిపోవచ్చు.

మళ్లీ వెళ్తే యాగంటితో మొదలుపెట్టి, బెలుం మీదుగా వచ్చి, గండికోటను చివరికి ఉంచుకుంటాను. నంద్యాలలో రైలు దిగేవారికి ఈ వరుసే అనుకూలం. కారును మాత్రం ఒకే మొత్తానికి, వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకోవాలి. ఆ సంగతి డ్రైవరుతో రెండోసారి తేల్చుకున్నది తమ్ముడే.