స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్: ఏది అసలు, ఏది మళ్ళీ కట్టింది

ముందుగా టికెట్ల సంగతి. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పేరుతో ఊళ్ళు చాలా ఉన్నాయి. ఇల్లినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి రైలుకైనా విమానానికైనా కోడ్ ఎస్‌పీఐ. ఎస్‌జీఎఫ్ అని కనిపిస్తే అది మిస్సోరీలోది, ఎస్‌పీజీ అని ఉంటే మసాచుసెట్స్ రైల్వే స్టేషన్. హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా రాష్ట్రం పేరు ఒకసారి సరిచూసుకోండి.

చికాగో నుంచి సుమారు 200 మైళ్ళు, సెయింట్ లూయిస్ నుంచి 100 మైళ్ళు, రెండు వైపులా ఐ-55 హైవేనే. మనవాళ్ళు బాగా ఉన్న బ్లూమింగ్టన్-నార్మల్ నుంచైతే గంట పైచిలుకు డ్రైవ్. ఇల్లినాయ్ యూనివర్సిటీ స్ప్రింగ్‌ఫీల్డ్ క్యాంపస్‌లో ఎమ్మెస్ చేసే తెలుగు పిల్లలను చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు కూడా తక్కువేం కాదు. కారు లేకపోతే ఆమ్‌ట్రాక్ వాళ్ళ లింకన్ సర్వీస్ రైలు ఉంది. చికాగో నుంచి మూడుంపావు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. 2023 నుంచి ఈ లైన్లో 110 మైళ్ళ వేగం అందుకుంటున్నారు. అయితే గూడ్సు బండ్లు కూడా ఇదే పట్టా మీద నడుస్తాయి, ఎదురొస్తే ఆగాల్సిందే. అందుకని రైలు దిగే టైముకీ మొదటి టూరుకీ మధ్య కనీసం గంటన్నర వదిలి ప్లాన్ చేసుకోండి.

ఊరి నిండా లింకనే. 1837లో వచ్చి 1861లో అధ్యక్షుడిగా వాషింగ్టన్ వెళ్ళేదాకా ఇక్కడే ఉన్నాడు. చిక్కల్లా ఏమిటంటే, చూపించేవాటిలో కొన్ని అసలువి, కొన్ని విప్పి మళ్ళీ పేర్చినవి, కొన్ని పూర్తిగా కొత్తగా చేసినవి. ఆ తేడా తెలిసి వెళితే ఎక్కడ ఎంతసేపు నిలబడాలో మీరే తేల్చుకోవచ్చు. తెలియకపోతే మ్యూజియంలోనే రోజంతా గడిచిపోతుంది, ఇంటికి వెళ్ళేసరికి తలుపులు మూసేస్తారు. రెండు రోజులు వచ్చేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

కాబట్టి పొద్దున్నే లింకన్ ఇంటికి. ఎనిమిదో వీధి, జాక్సన్ వీధి కలిసే మూల మీద ఉంది. కానీ నేరుగా ఆ గుమ్మం దగ్గరికి వెళితే లోపలికి పంపరు. ఏడో వీధిలోని విజిటర్ సెంటర్‌లో టికెట్ తీసుకోవాలి. డబ్బు కట్టక్కర్లేదు గానీ టికెట్ మీద టైము వేసి ఇస్తారు, ముందొచ్చిన వాళ్ళకు ముందు. ఏప్రిల్, మే నెలల్లో బడి పిల్లల బస్సులు వరసగా దిగుతాయి, పది దాటాక వెళితే మధ్యాహ్నం టైము చేతికొస్తుంది. పక్కనున్న పార్కింగ్‌కి మాత్రం గంటల లెక్కన కట్టాలి. ప్రవేశం ఉచితం కావడం ప్రభుత్వం దయ అనుకోకండి: కొడుకు రాబర్ట్ 1887లో ఇంటిని రాష్ట్రానికి రాసిచ్చేటప్పుడే దాన్ని బాగా చూసుకోవాలని, చూడ్డానికి వచ్చేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదని షరతు పెట్టాడు.

లింకన్ తన జీవితంలో సొంతానికి కొనుక్కున్న ఇల్లు ఇదొక్కటే. 1844లో, తన పెళ్ళి చేయించిన పాదిరి దగ్గరే కొన్నాడు. 1,200 డాలర్లు నగదు, దానితోపాటు ఊళ్ళో ఒక స్థలం ఇచ్చాడు. అప్పటికది అటక లాంటి పై భాగం ఉన్న చిన్న ఇల్లు. 1856లో పూర్తి మేడగా పెంచారు. ముందు గదిలో సామాను చూసి జనం త్వరగా ముందుకు కదులుతారు. అలా కదలకండి. 1860 మేలో రిపబ్లికన్ పార్టీ పెద్దలు వచ్చి, అధ్యక్ష అభ్యర్థివి నువ్వేనని చెప్పింది ఆ గదిలోనే. పైకెక్కేటప్పుడు మెట్ల పక్క చెక్క కమ్మీని పట్టుకోమని రేంజరే చెబుతారు. అది అసలు కమ్మీ, లింకన్ చేయి రోజూ ఆనినది. మ్యూజియాల్లో ఎక్కడ చూసినా ముట్టుకోవద్దనే బోర్డులుంటాయి, ఇక్కడ ముట్టుకోమంటారు. వంటింట్లోని ఇనుప పొయ్యి కూడా ఆ కుటుంబానిదే. టూర్ అరగంట లోపే అయిపోతుంది. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింది గదులు చూసి ఆగొచ్చు. బయట నాలుగు బ్లాకుల మేర కార్లు రానివ్వరు, చెక్కపలకల కాలిబాటలు, ఇరుగుపొరుగు ఇళ్ళు అలాగే ఉంచారు. ఆ వీధిలో నడవడానికి టికెట్ అక్కర్లేదు, సాయంత్రం జనం పలచబడ్డాక ఇంకా బాగుంటుంది.

అక్కడి నుంచి ఉత్తరానికి పది నిమిషాలు నడిస్తే పాత కాపిటల్, అంటే ఒకప్పటి రాష్ట్ర శాసనసభ భవనం. వాండేలియా నుంచి రాజధాని 1839లో ఇక్కడికి మారింది. ఆ మార్పుకు శాసనసభలో పట్టుబట్టినవాళ్ళలో లింకన్ ఒకడు. 'తనలో తానే చీలిన ఇల్లు నిలవదు' అన్న అర్థం వచ్చే ప్రసంగం 1858 జూన్ 16న చేసింది, 1865 మేలో ఆయన పార్థివ దేహాన్ని జనం చూడ్డానికి ఉంచింది ఈ కట్టడంలోనే. 2007 ఫిబ్రవరిలో ఒబామా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానని ప్రకటించింది దీని ముందు మెట్ల దగ్గరే.

అయితే లోపల నిలబడి 'ఈ గోడలే విన్నాయి' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1876లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త భవనానికి వెళ్ళిపోయాక ఇది జిల్లా కోర్టయింది. గదులు చాలక కట్టడం మొత్తాన్ని 11 అడుగులు పైకి లేపి కింద ఒక అంతస్తు దూర్చారు! తర్వాత 1966లో రాళ్ళకు నంబర్లు వేసి ఒక్కొక్కటీ విప్పేశారు. భూమిలోపల పార్కింగ్ కట్టి, పైన అవే రాళ్ళతో పాత ఎత్తుకు మళ్ళీ పేర్చారు. బయటి రాయి అసలుది, లోపలి గదులన్నీ కొత్తగా చేసినవి. బయట అరగంట, లోపల అరగంట చాలు. మరమ్మతుల కోసం అప్పుడప్పుడూ మూసేస్తుంటారు, బయల్దేరే ముందు చూసుకోండి. చౌరస్తా అవతలి మూలన లింకన్, ఆయన వకీలు భాగస్వామి హెర్న్‌డన్‌ల లా ఆఫీసున్న భవనం ఉంది.

ఇప్పుడు మ్యూజియం, అంటే అబ్రహాం లింకన్ ప్రెసిడెన్షియల్ లైబ్రరీ అండ్ మ్యూజియం. 2005 ఏప్రిల్‌లో తెరిచారు. ఊళ్ళో టికెట్‌కు డబ్బు పెట్టాల్సిన పెద్ద ఆకర్షణ ఇదే, మధ్యాహ్నం తర్వాత మూడు గంటలు పెట్టుకుంటే సరిపోతుంది. మైనపు బొమ్మల్లాంటి నిలువెత్తు బొమ్మలు, పొగ, వెలుతురు, తెర మీద దెయ్యాలు... చరిత్ర తెలిసినవాళ్ళు ఇదేం నాటకం అని మొహం చిట్లించుకుంటారు, పిల్లలు మాత్రం కదలరు. రెండూ న్యాయమే. ఒక్కటి మాత్రం వదలకూడదు: అంతర్యుద్ధాన్ని నాలుగు నిమిషాల్లో చూపించే మ్యాపు. ఒక్కో సెకను ఒక్కో వారం. సరిహద్దు రేఖ అటూ ఇటూ జరుగుతుంటుంది, మూలన చనిపోయిన, గాయపడిన వాళ్ళ లెక్క పెరుగుతూ పోతుంది. రెండుసార్లు చూడండి: మొదటిసారి రేఖను, రెండోసారి లెక్కను.

అసలు వస్తువుల గది విడిగా ఉంటుంది, అందులో ఉంచేవి మారుతుంటాయి. గెటిస్‌బర్గ్ ప్రసంగానికి లింకన్ చేతిరాత ప్రతులు లోకంలో ఐదే ఉన్నాయి, ఒకటి ఈ సంస్థ దగ్గరుంది గానీ అన్ని రోజులూ బయట పెట్టరు. 2007లో పెద్ద మొత్తం పెట్టి కొన్న సేకరణలో వచ్చిన పొడుగు టోపీ ఒకప్పుడు ఇక్కడ ఉన్న మరో పేరుమోసిన వస్తువు. అది లింకన్‌దేనని చెప్పడానికి ఆధారం దొరకలేదని 2019లో తేల్చారు. అన్నట్టు, మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'కొడుకు మాస్టారికి లింకన్ రాసిన ఉత్తరం' ప్రతి కోసం ఇక్కడి లైబ్రరీ వాళ్ళను అడగొద్దు. అది లింకన్ రాసిందనడానికి ఎక్కడా కాగితం లేదు.

ఈ చుట్టుపక్కల చాలామంది దాటేసి వెళ్ళిపోయే చోటు ఒకటుంది. 1908 ఆగస్టు 14 నుంచి 16 దాకా ఈ ఊళ్ళోనే తెల్లవాళ్ళ గుంపులు నల్లవాళ్ళ పేటల మీద పడి ఇళ్ళు తగలబెట్టాయి, స్కాట్ బర్టన్, విలియం డానెగన్ అనే ఇద్దరిని ఉరితీశాయి. లింకన్ ఊళ్ళోనే ఇలా జరిగిందన్న కలవరం లోంచే మరుసటి ఏడు నల్లవాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ పుట్టింది. రైలు పట్టాల పనుల్లో కాలిన ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి. 2024 ఆగస్టులో ఆ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించారు. చూడ్డానికి పెద్ద భవనం లేదు, ఫలకాలు చదువుకుంటూ నడవడమే. అయినా లింకన్ ఇంటి నుంచి నడిచివెళ్ళే దూరమే, వెళ్ళండి.

రెండో రోజు సమాధి. ఓక్ రిడ్జ్ స్మశానం డౌన్‌టౌన్‌కి సుమారు రెండు మైళ్ళు ఉత్తరంగా ఉంటుంది, కారు కావాలి. ముందున్న లింకన్ కంచు తల ముక్కు జనం రుద్ది రుద్ది బంగారంలా మెరుస్తుంది. లోపల ఎర్రరాయి కనిపించగానే శవపేటిక అదేననుకుంటారు. కాదు. 1876లో నకిలీ నోట్ల ముఠా ఒకటి శవాన్ని ఎత్తుకెళ్ళి, జైల్లో ఉన్న తమ మనిషిని విడిపించుకోవాలని చూసి దొరికిపోయింది. ఆ భయంతో 1901లో సమాధిని బాగుచేసినప్పుడు పేటికను పది అడుగుల లోతున ఇనుప బోనులో పెట్టి కాంక్రీటు పోశారు. ఎర్రరాయి గుర్తు మాత్రమే. ఎదుటి గోడలో భార్య మేరీ, చిన్నవయసులోనే పోయిన ముగ్గురు కొడుకులు ఉన్నారు. రాబర్ట్‌ను మాత్రం ఆర్లింగ్టన్‌లో పాతిపెట్టారు.

ఇప్పటి కాపిటల్ 361 అడుగులు, వాషింగ్టన్‌లోని దాని కన్నా ఎత్తు. లోపలికెళ్ళి గుమ్మటం కింద తలెత్తి చూసి వచ్చేయొచ్చు. లింకన్ అంటే విసుగొచ్చినవాళ్ళకు డేనా-థామస్ ఇల్లు ఉంది. పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1902లో మొదలుపెట్టిన ఇల్లు, రంగుటద్దాలు, బల్లలు, దీపాలు చాలామటుకు ఆయన గీసినవే, ఉన్నచోటే ఉన్నాయి. టూర్ ముందే బుక్ చేసుకోవాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు, మెట్లు చాలా ఎక్కువ.

బస విషయంలో ఒక కిటుకు. శాసనసభ జరిగే రోజుల్లో, ముఖ్యంగా జనవరి నుంచి మే దాకా, వారం మధ్యలో డౌన్‌టౌన్ హోటళ్ళు ఎమ్మెల్యేలతో, లాబీ చేసేవాళ్ళతో నిండి రేట్లు పెరుగుతాయి. అవే గదులు శని, ఆదివారాల్లో చవగ్గా దొరుకుతాయి. ఆగస్టులో స్టేట్ ఫెయిర్ రోజుల్లో మాత్రం వారమంతా ఇబ్బందే. కారుంటే ఐ-55 పక్కనున్న హోటళ్ళు చవక, పార్కింగ్ ఉచితం. లేకపోతే కాస్త ఎక్కువైనా డౌన్‌టౌన్‌లోనే ఉండండి.

ఊరి తిండి హార్స్‌షూ: కాల్చిన బ్రెడ్, పైన మాంసం, దాని మీద గుప్పెళ్ళకొద్దీ ఫ్రెంచ్ ఫ్రైస్, మొత్తం మునిగేలా చీజ్ సాస్. 1928లో ఇక్కడి లీలాండ్ హోటల్లో మొదలైంది. సగం సైజు కావాలంటే పోనీషూ అనాలి, మొదటిసారికి అదే చాలు. కూరగాయల ప్యాటీతో ఇచ్చేచోట్లు ఉన్నాయి గానీ శాకాహారులు సాస్ గురించి అడగాలి: కొందరు బీరు కలుపుతారు, కొందరు వూస్టర్ సాస్ వేస్తారు, అందులో చేప ఉంటుంది.

మిగిలిన పూట ఉంటే వాయవ్యంగా ఇరవై మైళ్ళలో న్యూ సేలం. లింకన్ ఇరవైల్లో ఆరేళ్ళు గడిపిన పల్లె, దుంగల గుడిసెలు. వాన పడితే బాట బురదవుతుంది, షూస్ వేసుకోండి. గుడిసెలు ఆ తర్వాతి కాలంలో మళ్ళీ కట్టినవి. ఒక్క పీపాల కొట్టు మాత్రం అసలుది: ఊరు ఖాళీ అయ్యాక పక్కనున్న పీటర్స్‌బర్గ్‌కు తరలించి, 1922లో వెనక్కి తెచ్చి పెట్టారు. పీపాలు చెక్కగా రాలిన చెక్కపేళ్ళ మంట వెలుగులో లింకన్ రాత్రుళ్ళు అక్కడ చదువుకునేవాడని చెప్పుకుంటారు. లోపల పెద్దగా ఏమీ ఉండదు, దుంగల మీద గొడ్డలి గాట్లు మాత్రం దగ్గరగా చూడండి.