ఫ్లూక్ టీఎల్175 మీటర్ వైర్లు: రెండేళ్లు వాడాక

అనంతపురం చుట్టుపక్కల బోరు మోటార్లు, స్టార్టర్లు రిపేరు చేయడం నా పని. రెండేళ్ల కిందటి దాకా వోల్టేజీ చూసే మల్టీమీటర్‌తో పాటు వచ్చిన వైర్లే వాడేవాణ్ణి. అవి పోతే టవర్ క్లాక్ దగ్గర ఏదో ఒక షాపులో నూట యాభైకి ఇంకో జత తెచ్చుకునేవాణ్ణి.

ఒకరోజు శింగనమల వైపు చీనీ తోటలో మోటార్ ఆగిందని పిలిచారు. స్టార్టర్ మూత తీసి ఫేజుల మధ్య పెట్టి చూస్తే మీటర్‌లో రెండు మూడు వోల్టులు, అంతే. "కరెంటు లేదు కదన్నా" అన్నాను. "పక్క తోటలో మోటార్ ఆడతా ఉంది కదప్పా" అన్నాడు రైతు. ఆ మాటకు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. టెస్టర్ పెడితే మూడు ఫేజుల్లోనూ వెలిగింది. మీటర్ నల్ల వైరు, ప్రోబ్ (చేత్తో పట్టుకుని తాకించే పుల్ల) మొదట్లో లోపలే తెగింది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన అలా అనకపోయుంటే స్క్రూ విప్పుతూ నాలుగొందల వోల్టుల మీద చెయ్యి పెట్టేవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ వారంలోనే ఫ్లూక్ కంపెనీ టీఎల్175 వైర్లు కొన్నాను. మామూలు జతతో పోలిస్తే ధర చాలా ఎక్కువ, అయినా నాకు బాధ లేదు. వైరు సిలికాన్‌ది. ఎండలో గంటలు పడున్నా మెత్తగానే ఉంటుంది, సోల్డరింగ్ ఐరన్ తగిలినా పీవీసీలా కరిగిపోదు. తొడుగు రెండు పొరలు, లోపలిది వేరే రంగు. ఎక్కడైనా కోసుకుపోయి ఆ రంగు కనబడితే టేపు చుట్టకండి, వైర్లు మార్చేయండి.

నాకు బాగా నచ్చింది ప్రోబ్ కొన. తిప్పితే లోహం 19 మిల్లీమీటర్ల నుంచి 4 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు ఫేజుల మధ్య పొడవాటి కొన జారితే మంట లేస్తుంది. 4 మిల్లీమీటర్ల కొనతో ఆ భయం చాలా తక్కువ. క్యాట్ అంటే లైనులో ఒక్కసారిగా వచ్చే వోల్టేజీ దెబ్బకు ఎంత భద్రమో చెప్పే తరగతి, అంకె పెరిగేకొద్దీ మెయిన్ సప్లైకి దగ్గరి చోట్లకు పనికొస్తుంది. కొన 4 మిల్లీమీటర్లకు మూసినప్పుడు రేటింగ్ క్యాట్ త్రీకి 1000 వోల్టులు, క్యాట్ ఫోర్‌కి 600. బయటికి తీస్తే క్యాట్ టూ మాత్రమే. మోటార్ ప్యానెల్‌కి కనీసం క్యాట్ త్రీ కావాలి. మా దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పొలంలోనే ఉంటుంది కాబట్టి నేను క్యాట్ ఫోర్ చూసుకుంటాను. వైర్లు ఎంత మంచివైనా మీటర్ రేటింగ్ తక్కువైతే ఆ తక్కువే లెక్క.

ఇబ్బందీ ఉంది. కొన్ని కాంటాక్టర్లలో (స్టార్టర్ లోపల మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చు) స్క్రూ లోతుగా ఉంటుంది, మూసిన కొన అందదు. కొన బయటికి తీస్తే క్యాట్ టూకి పడిపోతుంది కాబట్టి తీయను, మూసిన కొన అందే ఇంకో చోట పెట్టి చూస్తాను. ఇంకొకటి, మా ఊరి దుమ్ము. తిప్పే చోట చేరి బిగుసుకుంటుంది, వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి.

ఇప్పుడు బండి దిగగానే ముందు వైర్లే చూస్తాను. మీటర్‌ని ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి రెండు కొనలూ కలిపితే నా మీటర్‌లో 0.1 లేదా 0.2 చూపిస్తుంది. అలాగే పట్టుకుని ప్రోబ్ దగ్గర, ప్లగ్గు దగ్గర వైరు వంచుతాను, అంకె గెంతిందంటే లోపల తెగుతోందని అర్థం. కరెంటు లేదని తేల్చుకునే ముందు కచ్చితంగా కరెంటు ఉన్న చోట ఒకసారి, పని చేసే చోట ఒకసారి, మళ్లీ మొదటి చోట ఒకసారి పెడతాను. ఎర్ర ప్లగ్గు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోయిందేమో కూడా చూస్తాను. అలాగే వోల్టేజీ చూస్తే షార్టే.

పాత జతను ఎవరూ వాడకుండా ముక్కలుగా కత్తిరించి పారేశాను.